స్పెయిన్‌లో ఇంటిల్లిపాదీ కలిసి తాపాస్ తినాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

స్పెయిన్ చూడటానికి వెళ్లే తెలుగు కుటుంబాలు, అక్కడ చదువుకునే పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలు తాపాస్ గురించి, అంటే బార్లలో చిన్న చిన్న ప్లేట్లలో ఇచ్చే వంటకాల గురించి, దాదాపు ఇవే సందేహాలు అడుగుతుంటారు. వెళ్లే ముందు నుంచి బిల్లు కట్టే దాకా వాటిని వరుసగా పెట్టాం. ఏ జవాబుకా జవాబు పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికే వెళ్లొచ్చు. స్పానిష్ మాటల్ని అక్కడ పలికే తీరులోనే రాశాం. చూసి చదివినా వెయిటర్‌కి అర్థమవుతుంది.

## వెళ్లే ముందు

మెనూలో ఒకే వంటకానికి తాపా, మేదియా, రాసియోన్ అని మూడు ధరలున్నాయి. తేడా ఏంటి?

వంటకం ఒకటే, కొలత వేరు. తాపా అంటే చిన్న సాసర్‌లో ఒకరికి మూడు నాలుగు ముద్దలు. మేదియా రాసియోన్ అంటే సగం ప్లేటు, ఇద్దరు ముగ్గురు పంచుకోవచ్చు. రాసియోన్ అంటే నిండు ప్లేటు, నలుగురికి సరిపోతుంది. మామూలు బార్లలో తాపా సుమారు 3 నుంచి 5 యూరోలు, మేదియా 7 నుంచి 10, రాసియోన్ 12 నుంచి 18 దాకా ఉంటాయి. రొయ్యలు, మంచి హమోన్ (ఉప్పులో ఆరబెట్టిన పంది తొడ) లాంటివి ఇంకా పైన.

కుటుంబానికి మేదియానే సరైన కొలత. ఒక్క తాపాని నలుగురు పంచుకుంటే రుచి తెలిసేలోపే అయిపోతుంది. అన్నీ రాసియోన్‌లే చెబితే మూడు రకాలకే కడుపు నిండిపోతుంది. అన్నిచోట్లా మూడు కొలతలూ ఉండవు. చాలా బార్లు తాపాని కౌంటర్ దగ్గరే ఇస్తాయి, టేబుల్ దగ్గర కూర్చుంటే మేదియా, రాసియోన్ మాత్రమే. మొదటిసారి వెళ్లినవాళ్లు ఇక్కడే తికమకపడతారు కాబట్టి కూర్చోకముందే ‘ఆయ్ తాపాస్ ఎన్ మేసా?’ అని అడగండి. టేబుల్ దగ్గర తాపాలు ఇస్తారా అని అర్థం.

మేం రాత్రి ఏడింటికే తినేస్తాం. ఆ టైముకి వెళ్తే ఏమైనా దొరుకుతుందా?

వేడి వంటలు దొరకడం కష్టం. మధ్యాహ్నం వంటగది ఒకటిన్నరకు మొదలై నాలుగుకి మూసేస్తారు. రాత్రి మళ్లీ ఎనిమిదిన్నర, తొమ్మిదికి గానీ పొయ్యి వెలిగించరు. ఎండాకాలం దక్షిణాన సెవియా, కోర్దోబాల్లో పదింటికి కూడా జనం అప్పుడే వస్తుంటారు. మధ్యలో వెళితే కౌంటర్ మీద అద్దాల పెట్టెలో ఉన్నవే: తోర్తీయా (బంగాళాదుంపల ఆమ్లెట్) ముక్కలు, చీజ్, ఆలివ్‌లు, బ్రెడ్ మీద పెట్టిన చిన్న చిన్నవి.

పెద్దవాళ్లు, పిల్లలు ఉంటే అసలు భోజనాన్ని మధ్యాహ్నం రెండింటికి పెట్టుకోండి. రాత్రికి తేలిగ్గా ఏదైనా చాలు. ఉత్తరాన బాస్క్ ప్రాంతంలో, ముఖ్యంగా సాన్ సెబాస్తియాన్‌లో, సాయంత్రం ఏడు, ఏడున్నరకే కౌంటర్ల మీద పించోలు, అంటే పుల్ల గుచ్చిన చిన్న తాపాలు, పరిచేస్తారు. త్వరగా తినే అలవాటున్న ఇంటికి ఆ ఊరు బాగా కుదురుతుంది.

డ్రింక్ కొంటే తాపా ఉచితమంటారు. నిజమేనా?

కొన్ని ఊళ్లలో నిజం. గ్రనాదా, హయేన్, అల్మేరియా, ఉత్తరాన లెయోన్ నగరాల్లో ప్రతి డ్రింక్‌కీ ఒక తాపా ఇచ్చే ఆనవాయితీ ఇప్పటికీ గట్టిగా ఉంది. డ్రింక్ అంటే బీరే కానక్కర్లేదు, జ్యూస్, కోలా చెప్పినా చాలాచోట్ల ఇస్తారు. మద్రీద్‌లో మామూలుగా ఆలివ్‌లు గానీ చిప్స్ గానీ వస్తాయి. బార్సిలోనాలో, సెవియాలో ప్రతిదానికీ డబ్బు పెట్టాల్సిందే.

ఉచితంగా వచ్చేదాన్ని చాలాచోట్ల వంటగదే నిర్ణయిస్తుంది. పంది మాంసమే రావచ్చు. అందుకే డ్రింక్ చెప్పేటప్పుడే ‘సిన్ కార్నే, సిన్ హమోన్’ (మాంసం వద్దు, హమోన్ వద్దు) అనండి. వీలుంటే ఇంకోటి ఇస్తారు.

ముందుగా టేబుల్ బుక్ చేసుకోవాలా?

ముగ్గురు నలుగురైతే మామూలు రోజుల్లో అవసరం లేదు. ఐదుగురు దాటితే చేసుకోండి, ఎందుకంటే పాత బార్లలో టేబుళ్లు చిన్నవి, వాటిని కలపడానికి చోటుండదు. ఆదివారం మధ్యాహ్నం అక్కడి కుటుంబాలన్నీ బయటికొస్తాయి, ఆ పూట తప్పనిసరి. ఆదివారం రాత్రి, సోమవారం చాలా బార్లు తెరవరు. ఆగస్టులో సెలవులకు వారాల తరబడి మూసేసే చోట్లున్నాయి. పసిపిల్లలుంటే ‘త్రోనా’ కావాలని బుక్ చేసేటప్పుడే చెప్పండి. అది పిల్లల ఎత్తు కుర్చీ. ఒకటో రెండో ఉంటాయి, అవీ ముందు వచ్చినవాళ్లకే.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో తాపాస్ బార్‌కి వెళ్లడం కుదురుతుందా?

కుదురుతుంది, చోటు చూసి ఎంచుకోవాలి. కౌంటర్ దగ్గర నిలబడాలి, పక్కనున్న ఎత్తు బల్లలకు వీపు ఆనించుకోవడానికి ఏమీ ఉండదు. ‘మేసా బాహా’ అని అడిగితే మామూలు ఎత్తు టేబుల్, వీపున్న కుర్చీలు ఇస్తారు. పాత బార్లలో టాయిలెట్ తరచుగా నేలమాళిగలో, ఇరుకు మెట్ల కింద ఉంటుంది. అది లోపలికి వెళ్లగానే చూసుకోవాల్సిన సంగతి. ఒక్కో బార్‌లో ఒక్కోటి తింటూ నాలుగు బార్లు తిరిగే పద్ధతి వీళ్లతో వద్దు. ఒకేచోట కూర్చుని అన్నీ తెప్పించుకోండి.

బార్ అంటున్నారు కదా, చిన్నపిల్లల్ని తీసుకెళ్లొచ్చా?

నిక్షేపంగా తీసుకెళ్లొచ్చు. అక్కడ బార్ అంటే పొద్దున కాఫీ, మధ్యాహ్నం భోజనం, రాత్రి తాపాస్ అన్నీ దొరికే చోటు. రాత్రి పదకొండుకి కూడా తాతయ్యలు, మనవలు ఒకే బల్ల చుట్టూ కనిపిస్తారు. 2011 జనవరి 2 నుంచి లోపల పొగ తాగడం నిషేధం. తెర్రాసాలో, అంటే బయట వేసిన బల్లల దగ్గర, మాత్రం పక్కవాళ్లు తాగుతుండొచ్చు. పొగ పడనివాళ్లుంటే లోపలే కూర్చోండి.

## కూర్చున్నాక

బార్రా, సలోన్, తెర్రాసా అని ధరలు వేరువేరుగా రాశారేంటి?

బార్రా అంటే కౌంటర్, సలోన్ లోపలి హాలు, తెర్రాసా బయట వేసిన బల్లలు. కూర్చునే చోటును బట్టి ధర మారుతుంది, కౌంటర్ దగ్గర తక్కువ, బయట ఎక్కువ. ఇది మోసం కాదు, కాకపోతే మెనూలో రాసి ఉండాలి. కౌంటర్ దగ్గర ఆర్డర్ చెప్పి, ప్లేటు పట్టుకుని తెర్రాసాలోకి వెళ్లి కూర్చోవడం మాత్రం చేయకండి, అక్కడే మాటలు వస్తాయి.

అడక్కుండానే బ్రెడ్ బుట్ట పెట్టారు. దానికి డబ్బులా?

చాలాచోట్ల అవును. మనిషికి ఒకటి రెండు యూరోల దాకా వేస్తారు, మెనూ అడుగున ‘పాన్’ అనో ‘సెర్వీసియో’ అనో రాసి ఉంటుంది. వద్దనుకుంటే ముట్టుకోకముందే ‘పాన్ నో, గ్రాసియాస్’ అనండి, తీసుకెళ్లిపోతారు. అయితే వెల్లుల్లి నూనెలో రొయ్యలో, సాస్ ఉన్న కూరో చెప్పబోతుంటే బ్రెడ్ ఉంచుకోండి. ఆ నూనె అద్దుకుని తినడమే ఆ వంటకంలో సగం రుచి.

మంచినీళ్లు అడిగితే సీసా తెచ్చి డబ్బు వేశారు. మామూలు నీళ్లు ఇవ్వరా?

ఇవ్వాలి. 2022లో వచ్చిన వ్యర్థాల చట్టం ప్రకారం హోటళ్లు, బార్లు కుళాయి నీళ్లు ఉచితంగా ఇవ్వాల్సిందే. ‘ఆగువా’ అని ఊరుకుంటే సీసా వస్తుంది. ‘ఉనా హార్రా దె ఆగువా దెల్ గ్రీఫో’ అనండి, జగ్గుతో తెస్తారు. మద్రీద్‌లో నీళ్లు బాగుంటాయి. మధ్యధరా తీరంలో బార్సిలోనా, వలెన్సియా వైపు తాగడానికి మంచివే గానీ రుచి అంత నచ్చకపోవచ్చు.

మా ఇంట్లో ఎవరూ మద్యం ముట్టరు. ఏం తాగాలి? వంటల్లో కూడా కలుస్తుందా?

మోస్తో అడగండి. అది పులియబెట్టని ద్రాక్షరసం, చల్లగా ఇస్తారు, పిల్లలకూ నచ్చుతుంది. తీంతో దె వెరానోలో వైన్, క్లారాలో బీరు ఉంటాయి. రెండూ సోడాలా కనిపిస్తాయి కాబట్టి తెలియక చెప్పేవాళ్లు ఎక్కువ. బీరు సీసా మీద ‘సిన్ అల్కొహోల్’ అని ఉన్నా 1 శాతం లోపు మద్యం ఉండొచ్చు; అసలే వద్దంటే ‘0,0’ (సేరో సేరో) అని రాసినది చూసుకోండి.

వంటల్లో కలిసేవి: వైన్‌లో వండిన పంది సాసేజ్ చొరీసో అల్ వీనో, విస్కీ సాస్‌తో ఇచ్చే మెత్తటి మాంసం సొలొమీయో అల్ విస్కీ, మరినేరా సాస్‌లో వండిన ఆల్చిప్పలు, మెత్తగా ఉడికించిన దవడ మాంసం కరియాదా. అనుమానం వస్తే ‘యేవా వీనో?’ (వైన్ ఉందా?) అంటే చాలు.

## ఆర్డర్ చెప్పేటప్పుడు

మేం ఆరుగురం. ఎన్ని ప్లేట్లు చెప్పాలి?

అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే, ఎక్కువమంది పొరపాటు పడేదీ ఇక్కడే. ఒకేసారి తొమ్మిది పది ప్లేట్లు చెప్పేస్తారు. వంటగదిలో ఏది ముందు అయితే అది వచ్చేస్తుంది, పావుగంటలో బల్ల నిండిపోతుంది. వేయించినవి పది నిమిషాల్లో మెత్తబడతాయి. క్రొకేతా (చిక్కటి పాల ముద్దకు పొర అద్ది వేయించే ఉండ) పైపొర తడిసిపోతుంది, బంగాళాదుంపలు చల్లారి బిరుసెక్కుతాయి. చివరి మూడు ప్లేట్లు ఎవరికీ సహించవు.

రెండు విడతలుగా చెప్పండి. మొదటి విడతలో మనుషుల సంఖ్యకు ఒకటి తక్కువగా మేదియాలు: నలుగురికి మూడు, ఆరుగురికి ఐదు. అవి సగం అయ్యాక ఎవరికి ఏది నచ్చిందో, ఎంత ఆకలి మిగిలిందో తెలుస్తుంది. అప్పుడు ఇంకో రెండు మూడు. రెండు విడతలూ కలిపి మనిషికి ఒకటింపావు మేదియా పడితే తృప్తిగా లేస్తారు. ఒక రాసియోన్‌ని రెండు మేదియాలుగా లెక్కేసుకోండి.

ఇద్దరు పెద్దవాళ్లు, ఇద్దరు మధ్యవయసువాళ్లు, ఇద్దరు పిల్లలున్న ఇంటికి మచ్చుకు ఒక ఆర్డర్. మొదట టొమాటో రాసిన బ్రెడ్ పాన్ కోన్ తొమాతే, ఒక రాసియోన్ తోర్తీయా, ఒక మేదియా పద్రోన్ మిరపకాయలు పిమియెంతోస్ దె పద్రోన్, ఒక మేదియా పాలకూర సెనగలు ఎస్పినాకాస్ కోన్ గర్బాన్సోస్. తర్వాత మేదియా పుట్టగొడుగుల క్రొకేతాస్, మేదియా వెల్లుల్లి రొయ్యలు గాంబాస్ అల్ అహీయో, మేదియా వెల్లుల్లి కోడి పోయో అల్ అహీయో. చల్లనివి, శాకాహారం ముందు వస్తాయి, మాంసం చివరికి పడుతుంది. శాకాహారులు తమవి ప్రశాంతంగా తినేసి ఉంటారు.

వెయిటర్‌తో ‘దె మొమెంతో, ఎస్తో’ అంటే ప్రస్తుతానికి ఇంతే అని. ‘పారా కొంపర్తీర్’ అంటే అందరూ పంచుకోవడానికి అని. ఈ రెండు మాటలూ చెబితే ప్లేట్లు మధ్యలో పెట్టి, నెమ్మదిగా తెస్తారు.

క్రొకేతాస్ ప్లేటుకి ఆరు వస్తాయట, మేం ఏడుగురం. ఏం చేయాలి?

‘కువాంతాస్ వియెనెన్?’ అని ఎన్ని వస్తాయో ముందే అడగండి. తక్కువైతే ‘ఉనా మాస్, పోర్ ఫవోర్’ అంటే చాలాచోట్ల ఇంకొకటి వేసి దాని ధర కలుపుతారు.

మేం శాకాహారులం అని చెప్పినా కూరలో మాంసం ముక్కలు వచ్చాయి. ఎలా చెప్పాలి?

స్పెయిన్‌లో చాలామంది మాటల్లో ‘కార్నే’ అంటే కోసి వండిన మాంసం. ఉప్పులో ఆరబెట్టిన పంది తొడ హమోన్‌నీ, ట్యూనా చేపనీ ఆ లెక్కలో వేసుకోని వంటవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అందుకే ఒక్క మాటతో సరిపెట్టకండి. ‘నో కొమెమోస్ కార్నే, ని హమోన్, ని పెస్కాదో, ని మరీస్కో, ని కాల్దో దె కార్నే’ అని విడివిడిగా చెప్పండి. మాంసం, హమోన్, చేప, రొయ్యల్లాంటివి, మాంసం ఉడికించిన నీళ్లు ఏవీ తినమని అర్థం. ఫోన్‌లో రాసుకుని చూపిస్తే ఇంకా మంచిది.

పేరు చూసి మోసపోయేవి కొన్ని ఉన్నాయి. బఠాణీలు, చిక్కుడు గింజలు, ఆర్టిచోక్‌లు మామూలుగా హమోన్ ముక్కలతోనే వండుతారు. లెంతేహాస్ అనే పప్పులో చొరీసో ఉంటుంది. సల్మొరేహో చల్లటి టొమాటో చిక్కటి సూప్, పైన హమోన్, గుడ్డు చల్లుతారు. ఎన్సలాదా మిక్స్తా, ఎన్సలదీయా రూసా అనే సలాడ్లలో ట్యూనా. కాల్చిన వంకాయ, క్యాప్సికం కలిపిన కాటలాన్ వంటకం ఎస్కలివాదా మీద ఒక్కోసారి ఆంచోవీ చేప పరుస్తారు. పుట్టగొడుగుల వేపుడులో హమోన్ వేసేవాళ్లున్నారు. వేయించిన బంగాళాదుంపలు పతాతాస్ బ్రావాస్ మీద పోసే సాస్‌ని కొందరు మాంసం నీళ్లతో చేస్తారు.

ధైర్యంగా మొదలుపెట్టగలిగేవి: పద్రోన్ మిరపకాయలు, పాన్ కోన్ తొమాతే, చల్లటి టొమాటో సూప్ గస్పాచో, ఆలివ్‌లు, చీజ్ (దాని సంగతి కింద చూడండి), కానరీ దీవుల బంగాళాదుంపలు పాపాస్ అర్రుగాదాస్. గుడ్డు తింటే తోర్తీయా. సెవియా వెళితే ఎస్పినాకాస్ కోన్ గర్బాన్సోస్ వదలకండి. పాలకూర, సెనగలు, వెల్లుల్లి, జీలకర్ర, వేయించిన బ్రెడ్ నూరి వండుతారు. మన పాలకూర సెనగల కూర తిన్న నాలుకకు మొదటి ముద్దలోనే చుట్టరికం తెలుస్తుంది. 1670లో మొదలైన ఎల్ రింకొంసీయో బార్ ఈ కూరకు పేరుపడింది.

గుడ్డు కూడా తినం. అప్పుడు?

తోర్తీయా పోతుంది, మయోనైజ్, వెల్లుల్లి వేసిన మయోనైజ్ లాంటి అలియోలీ పోతాయి. క్రొకేతా పైపొరకి గుడ్డు అద్దుతారు కాబట్టి పుట్టగొడుగులవైనా వద్దు. బ్రావాస్‌ని ‘సిన్ అలియోలీ’ అని చెప్పాలి, బార్సిలోనాలో అది పైన పోసే ఇస్తారు. పాలకూర సెనగలు, పద్రోన్ మిరపకాయలు, టొమాటో బ్రెడ్, గస్పాచో మీకు సరిపోతాయి. వంకాయ వేయించి చెరకు పాకం పోసే బెరెన్హేనాస్ కోన్ మియెల్ దక్షిణాన ప్రతిచోటా ఉంటుంది. పిండిలో గుడ్డు ఉందేమో ‘యేవా ఉయేవో?’ అని ఒకమాట అడగండి. దాన్ని చేపలు వేయించిన నూనెలోనే వేయిస్తుంటారు. అది పట్టింపు ఉంటే ‘సె ఫ్రీయే కోన్ పెస్కాదో?’ అని కూడా.

మాలో కొందరు బీఫ్ తినరు, కొందరు పోర్క్ తినరు. మెనూలో ఎలా గుర్తుపట్టాలి?

పోర్క్ ముందు. మాంసం వంటకాల పక్కన ‘ఇబేరికో’ అనే మాట కనిపిస్తే అది పందే, ఎందుకంటే అది పంది జాతి పేరు. మాంసం కోతల పేర్లు ఇంకా తికమక పెడతాయి: సెక్రేతో, ప్రేసా, ప్లూమా, లోమో, పన్సేతా అన్నీ పంది. టొర్రేస్నోస్, చిచర్రోనెస్, చొరీసో, మొర్సీయా కూడా. మొర్సీయాలో రక్తం ఉంటుంది. కోర్దోబాలో కనిపించే ఫ్లమెంకీన్ పంది మాంసంలో హమోన్ చుట్టి వేయించినది.

బీఫ్: తెర్నేరా, వాకా, బుయే, ఎద్దుతోక కూర రాబో దె తోరో, లెయోన్ వైపు ఎండబెట్టిన సెసీనా, బోటీ కూర కాయోస్ (దీనిలో మామూలుగా పంది చొరీసో కూడా వేస్తారు).

రెండు వైపులా ఉండేవే అసలు చిక్కు. అల్బోందిగాస్ అనే మాంసం ఉండల్లో రెండూ కలుపుతారు. కరియాదా పంది దవడ కావచ్చు, ఆవుది కావచ్చు. సొలొమీయో కూడా అంతే, సెవియాలో ‘అల్ విస్కీ’ అంటే పందే. దేనితో చేశారో రాయని ‘క్రొకేతాస్ కసేరాస్’ ఎక్కువగా హమోన్‌తోనో, మాంసం పులుసు ముక్కలతోనో చేసి ఉంటాయి. వీటి దగ్గర ‘దె కే ఎస్ లా కార్నే?’ అని అడగక తప్పదు.

కోడికి పోయో, గొర్రెకు కొర్దేరో. సముద్రం వైపు వెళితే బెంగ తక్కువ: వెల్లుల్లి రొయ్యలు, వేయించిన చిన్న చేపలు బొకెరోనెస్, చిన్న స్క్విడ్‌లు చిపిరోనెస్, గలీసియా ఆక్టోపస్ పుల్పో ఆ లా గయేగా. కాదీస్‌లో చిన్న రొయ్యలు, సెనగపిండి, గోధుమపిండి కలిపి పల్చగా వేయించే తోర్తియీతాస్ దె కమరోనెస్ కోస్తావాళ్లు తప్పకుండా రుచి చూడాలి.

చీజ్ శాకాహారమేనా?

మంచేగో లాంటి చాలా పాత రకాల్లో పాలు విరవడానికి గొర్రెపిల్ల పొట్టనుంచి తీసిన రెన్నెట్ వాడతారు. ఎక్స్త్రెమదూరా ప్రాంతపు తోర్తా దెల్ కాసర్‌ని మాత్రం ఒక ముళ్లమొక్క పువ్వుతో విరుస్తారు. అది మెత్తగా, చెంచాతో తీసుకునేలా ఉంటుంది, కాస్త చేదు తగులుతుంది.

పికాంతే అని రాసినా కారం లేదు. కారంగా ఏం చెప్పాలి?

అక్కడి పికాంతే మన నాలుకకి ఆనదు. పిమెంతోన్ అనే ఎర్ర పొడి ఎక్కువగా తియ్యటిదే వాడతారు. లా వేరా ప్రాంతంలో మిరపకాయల్ని ఓక్ కట్టెల పొగ మీద ఆరబెట్టి పొడి చేస్తారు, దానిలో కారం కంటే పొగ వాసనే ముందుంటుంది. కాస్త ఘాటు కావాలంటే కానరీ వంటల్లో మోహో పికోన్ సాస్, మద్రీద్ తరహా బ్రావాస్, గిందీయా మిరపకాయ వేసిన గాంబాస్ అల్ పిల్ పిల్ అడగండి. పద్రోన్ మిరపకాయల్లో ఎక్కువ చప్పగా, ఎక్కడో ఒకటి ఘాటుగా ఉంటాయి. చిన్నపిల్లలకు ముందు కొస కొరికి చూసి ఇవ్వండి. ఊరగాయ చిన్న సీసాలో పట్టుకెళ్లినా బల్లమీద తెరవకండి, బయటి తిండి చాలాచోట్ల ఒప్పుకోరు.

బాబుకి వేరుశెనగ, జీడిపప్పు పడవు. అడిగితే చెబుతారా?

చెప్పాలి. యూరప్ నిబంధనల ప్రకారం 14 రకాల అలెర్జీ పదార్థాల వివరం అడిగినవాళ్లకు ఇవ్వడం తప్పనిసరి. ‘లా కార్తా దె అలేర్హెనోస్’ అనండి. వేరుశెనగను కకవేతే అంటారు, జీడిపప్పు, బాదం లాంటివన్నీ ఫ్రూతోస్ సేకోస్. కంటికి కనిపించకుండా బాదం ఉండేవాటిలో రెండు: చల్లటి తెల్ల సూప్ అహోబ్లాంకో, కాల్చిన కూరగాయలతో ఇచ్చే రొమేస్కో సాస్.

తాపాస్‌తో పాటు పాయెయా (వెడల్పు పెనంలో వండే స్పానిష్ అన్నం) కూడా చెప్పొచ్చా?

వద్దు. అప్పటికప్పుడు వండితే కనీసం అరగంట పడుతుంది, ఇద్దరికి తక్కువ వండరు. అది మధ్యాహ్నం విడిగా తినే భోజనం. తాపాస్ బార్‌లో ఐదు నిమిషాల్లో వచ్చిందంటే అది ముందే వండి వేడిచేసినది.

ధర ఉండాల్సిన చోట ‘సెగూన్ మెర్కాదో’ అని ఉంది. అంటే?

ఆరోజు మార్కెట్ ధర అని. రొయ్యలు, పీతల దగ్గర రాస్తారు, కొన్నిసార్లు వంద గ్రాముల లెక్కన అమ్ముతారు. ఎన్ని గ్రాములు పెడతారు, మొత్తం ఎంతవుతుంది అని ఆర్డర్‌కి ముందే అడగాలి. బిల్లు చూసి గుండె ఆగేది ఎక్కువగా దీనివల్లే.

## తినేటప్పుడు

అందరూ ఒకే ప్లేటులో ఫోర్క్ పెడుతున్నారు. మా పెద్దవాళ్లకు ఎంగిలి పట్టింపు. ఎలా?

స్పానిష్ కుటుంబాల్లో ప్లేటు మధ్యలో పెట్టి ఎవరి ఫోర్క్‌తో వాళ్లు నేరుగా తీసుకుంటారు. ఎంగిలి పట్టింపు ఉన్నవాళ్లు మొహమాటపడక్కర్లేదు. ‘ప్లాతోస్ పారా కొంపర్తీర్ ఇ కుబియెర్తోస్ పారా సెర్వీర్’ అంటే ఎవరి ప్లేటు వాళ్లకు, వడ్డించే చెంచాలు వేరుగా ఇస్తారు. ప్లేటు రాగానే, ఎవరూ ముట్టుకోకముందే, ఇంటివాళ్లు ఒకరు వడ్డించేస్తే సరిపోతుంది.

వడ్డించడం కుదరనివి కొన్ని ఉన్నాయి. సల్మొరేహోలో బ్రెడ్ ముంచుకుంటారు, దానికి చిన్న గిన్నెలు వేరుగా అడగండి. గస్పాచో గ్లాసుల్లో ఇస్తారు. తోర్తీయాని ‘ఎన్ తాకోస్’ అంటే చిన్న ముక్కలుగా కోసి పుల్లలు గుచ్చి తెస్తారు. రొయ్యల నూనెలో బ్రెడ్ అద్దాలనుకుంటే ఒక చెంచా నూనె ఎవరి ప్లేటులో వాళ్లు వేసుకోండి.

ఒకే బల్ల మీద మాంసం ఉంటే తినలేని పెద్దవాళ్లుంటే శాకాహార ప్లేట్లన్నీ బల్లకు ఒక కొసన పెట్టి, ఆ కొసకి వేరే చెంచా ఉంచండి. ఇంకా మంచి మార్గం, వాళ్లు తినడం అయ్యాకే రెండో విడతలో మాంసం చెప్పడం.

గాంబాస్ అల్ అహీయో వచ్చింది, ఇంకా ఉడుకుతోంది. ఎలా తినాలి?

మట్టి చిప్పలో నూనె బుడగలు వస్తుండగానే తెస్తారు. వెల్లుల్లి రేకలు అంచున గోధుమరంగు తిరిగి ఉంటాయి, ఎర్ర గిందీయా ముక్కలు పైన తేలుతుంటాయి. చిప్ప చాలాసేపు వేడి వదలదు కాబట్టి పిల్లల చేతికి అందనంత దూరం పెట్టించండి. రెండు నిమిషాలు ఆగండి. రొయ్యలు ఆ వేడిలో ఇంకా ఉడుకుతుంటాయి, ఎక్కువసేపు వదిలేస్తే రబ్బరులా సాగుతాయి. బుడగలు ఆగగానే చెంచాతో ప్లేట్లలోకి తీసేయాలి. నూనె అడుగున మిగులుతుంది, బ్రెడ్ దానికోసమే.

క్రొకేతా కొరికి పాప నోరు కాల్చుకుంది. ఏం చేయాలి?

పైపొర గోరువెచ్చగా ఉన్నా లోపలి పాల ముద్ద మరుగుతూ ఉంటుంది. ఫోర్క్‌తో రెండుగా విరిచి, ఆవిరి పోయేదాకా ఒక నిమిషం ఆగి ఇవ్వండి.

తోర్తీయా లోపల పచ్చిగా, కారుతూ ఉంది. తినొచ్చా?

అక్కడ చాలామందికి అలాగే ఇష్టం. గర్భిణులు, చిన్నపిల్లలు, వృద్ధులు ఉంటే ‘బియెన్ కువహాదా’ అనండి, గట్టిపడేదాకా కాలుస్తారు. ఒక్క ముక్కగా అమ్మే పెద్ద తోర్తీయా ముందే చేసి ఉంటుంది, దాన్ని మార్చలేరు. ఉల్లిపాయ వద్దంటే ‘సిన్ సెబోయా’ రకం ఉందేమో అడగండి.

సాన్ సెబాస్తియాన్‌లో కౌంటర్ నిండా పించోలున్నాయి. నేరుగా తీసుకోవచ్చా?

ముందు బార్‌లో పనిచేసేవాళ్ల కంట్లో పడండి, ‘ఉన్ ప్లాతో, పోర్ ఫవోర్’ అని ప్లేటు అడగండి. కొన్ని బార్లలో మీరే తీసుకోవచ్చు, కొన్నిచోట్ల చూపిస్తే వాళ్లు పెడతారు. పుల్లలు పారేయకండి, వాటిని లెక్కపెట్టి బిల్లు వేసే చోట్లున్నాయి. కౌంటర్ మీదవి చల్లనివి; వేడివి గోడమీది బోర్డులో రాసుంటాయి, అప్పటికప్పుడు చేసిస్తారు. మంచి వంటవాళ్ల చేయి తెలిసేది బోర్డు మీది వాటిలోనే. హిల్దా అనే పించోలో ఆలివ్, పచ్చి మిరపకాయ ఊరగాయ, ఆంచోవీ చేప ఒకే పుల్లకు గుచ్చుతారు, మొత్తం ఒకే ముద్దలో తినాలి. పాత ఊళ్లో జనం కిక్కిరిసి ఉంటారు. తోపుడు బండిలో పసివాళ్లుంటే మధ్యాహ్నం పన్నెండున్నరకే వెళ్లండి.

## బిల్లు దగ్గర

తినడం అయి అరగంటైంది. బిల్లు ఎందుకు తేవడం లేదు?

అడిగేదాకా తేరు. తిన్నాక కూర్చుని కబుర్లు చెప్పుకోవడం అక్కడి పద్ధతి, బిల్లు ముందు పెడితే లేవమన్నట్టు అవుతుంది. ‘లా కుయెంతా, పోర్ ఫవోర్’ అనండి.

బిల్లులో ఏమేం సరిచూడాలి?

మేదియా చెప్పినవి రాసియోన్‌గా పడ్డాయేమో మొదట చూడండి. ఎక్కువగా దొర్లే తప్పు అదే. తర్వాత బ్రెడ్ ఎంతమందికి వేశారు, తెర్రాసా ధర మెనూలో ఉన్నదేనా, మార్కెట్ ధరవి ఎంత పడ్డాయి. పన్ను 10 శాతం, మెనూ ధరలోనే కలిసి ఉండాలి. కౌంటర్ చెక్క మీద సుద్దతో లెక్క రాసే పాత బార్లు సెవియాలో ఇంకా ఉన్నాయి, అక్కడ తుడిచేలోపే చూసుకోండి.

టిప్ ఎంత ఇవ్వాలి?

బలవంతం లేదు. కౌంటర్ దగ్గర చిల్లర వదిలేస్తే చాలు. కుటుంబంతో చాలాసేపు కూర్చుని, మీ శాకాహారం, పిల్లల కుర్చీ అన్నీ ఓపిగ్గా చూసిన వెయిటర్‌కి బిల్లులో 5 శాతం దాకా ఇస్తే సంతోషిస్తారు. కార్డుతో బిల్లు కట్టినా టిప్ నాణేల్లో ఇవ్వండి.

తినగా మిగిలింది పార్సిల్ ఇస్తారా?

ఇస్తారు. ఆహార వృథాను అరికట్టడానికి 2025లో తెచ్చిన చట్టం ప్రకారం మిగిలినదాన్ని తీసుకెళ్లే వీలు కల్పించాలి, బఫేలకు మాత్రం వర్తించదు. ‘పారా యెవార్’ అంటే చాలు, ప్లాస్టిక్ డబ్బాకి కొద్దిగా వేయొచ్చు. గట్టిగా కాల్చిన తోర్తీయా, పాలకూర సెనగలు మర్నాటికి బాగుంటాయి, గదిలో ఫ్రిజ్ ఉంటేనే. మయోనైజ్ కలిపినవి, రొయ్యలు, వెనిగర్‌లో నానిన చేపలు తీసుకెళ్లకండి. ఎండాకాలం సెవియాలో హోటల్‌కి నడిచి వెళ్లేలోపే అవి పాడవుతాయి.